అర్థం చెప్పని పేరు

మా పేట పాస్టరుగారు బైబిలు వంశావళుల్లో ఒక్క పేరునీ వదిలేవారు కాదు. ప్రతి పేరు దగ్గరా ఆగి, కళ్లజోడు తీసి తుడుచుకుని, "హెబ్రీలో దీనికి అర్థం ఏటంటే..." అని అలసిన గొంతుతో మొదలుపెట్టేవారు. నోవహు అంటే నెమ్మది అని తేలేసరికి వెనక బెంచీలో మేం ఫోన్లు కూడా పక్కన పెట్టి నిద్రపోయేవాళ్లం.

నేను డిగ్రీ పరీక్షలు రెండోసారి రాస్తున్న ఏడాది, ఒక ఆదివారం చేపలమ్మే అక్క ఒకామె నెలల పిల్లాణ్ణి సంఘం రిజిస్టరులో పేరు రాయించడానికి ఎత్తుకొచ్చింది. అంతకుముందు పుట్టిన ఇద్దరూ దక్కలేదు. అందుకని వీణ్ణి పెంటకుప్ప మీద దొర్లించి మరీ తెచ్చింది.

"పెంటయ్యని రాయండి బాబూ. మంచి పేరెడితే ఈడూ ఉండడు."

సంఘపెద్ద మండిపడ్డాడు. "దేవుడి మందిరంలో పెంటేటే? బైబిలు పేరెట్టు!"

ఆమె పిల్లాణ్ణి అదుముకుని వెళ్లిపోవడానికి లేచింది. పాస్టరుగారు కళ్లజోడు తీసి తుడిచారు. ఇక హెబ్రీ తప్పదని మేం గోడకి చేరబడ్డాం.

"బైబిల్లోనే యబ్బేజని ఒకడున్నాడు. యబ్బేజంటే వేదన. కన్నప్పుడు పడ్డ బాధకి తల్లి ఎట్టుకున్న పేరది. దేవుడు పేరు మార్సమన్లేదు, ఆడి ప్రార్థన ఇన్నాడు. కూకోమ్మా."

రిజిస్టరులో పెంటయ్య అని రాసి, పైకి చదివారు. అలవాటు కొద్దీ అర్థం కోసం చూశాం. ఆయన కళ్లజోడు జేబులో పెట్టేసుకున్నారు.

సంఘపెద్ద కూడా అర్థం అడగలేదు. సంఘపెద్దని వాళ్లమ్మ ఇప్పటికీ పెంటయ్యా అనే పిలుస్తుంది.