పసుపు తాగిన కార్ట్రిడ్జ్

దసరా వచ్చిందంటే మా అవ్వ ఇంట్లో ఏ పనిముట్టునూ వదిలిపెట్టేది కాదు. కత్తిపీట, గడ్డపార, నా సైకిల్, ఆఖరికి బీరువా తాళంచెవి కూడా కడిగించుకుని బొట్టు పెట్టించుకోవాల్సిందే. డెబ్బైల మొదట్లో నేను బోధన్‌లో మైక్‌సెట్ కిరాయికి ఇచ్చేవాడిని. రెండు హారన్లు, ఒక యాంప్లిఫయర్, ఒక మైకు, ఒక రికార్డ్ ప్లేయర్. మాకు అన్నం పెట్టేవి అవే కాబట్టి ఆ ఏడు ఆయుధపూజలో వాటికే పెద్దపీట. నేను బజారు నుంచి వచ్చేసరికి అవ్వ అన్నిటికీ పసుపు కుంకుమలు పెట్టి, ఊదుబత్తులు ముట్టించి, మురిసిపోతూ కూర్చుంది. నేనూ బుద్ధిగా దండం పెట్టుకున్నాను.

పండుగ తర్వాత మొదటి కిరాయి ఎడపల్లిలో ఒక రైతు బిడ్డ లగ్గం. ముందురోజు పొద్దున సన్నాయి రికార్డు వేసి చూశాను. హారన్‌లోంచి సన్నాయి రాలేదు, పడిశం పట్టిన మనిషి మూలుగు వచ్చింది. ముల్లు ఉండే తలకాయ ఎత్తి చూస్తే కింద కార్ట్రిడ్జ్ పచ్చగా మెరుస్తోంది.

"అవ్వా, దీనికెందుకు పెట్టినవే పసుపు?"

"పాడేది గదేనాయె బిడ్డా! దానికి పెట్టకుంట డబ్బాకు పెడితే ఏం లాభం? మంచిగ నీళ్లతోటి కడిగి మరీ పెట్టిన."

కడిగి మరీ! ముల్లు కదలికను పాటగా మార్చేది ఆ చిన్న కార్ట్రిడ్జే. దాని లోపల ఉప్పురాయి లాంటి బిళ్ల ఉంటుంది. తేమ తగిలితే ఇక అది లేవదు. అవ్వకు ఇదంతా ఏమని చెప్పను? పళ్లు కొరుక్కుంటూ గుండుసూదితో పసుపు గీకాను, ఎండలో పెట్టాను, ఊదాను. ఆ తొందరలో వెంట్రుకంత తీగ ఒకటి తెగి నా చేతికే వచ్చింది. నెత్తి కొట్టుకున్నాను.

మామూలు కిరాయి అయితే ఏదో ఒకటి చెప్పి తప్పించుకునేవాణ్ణి. కానీ పిల్ల తండ్రి ముందే చెప్పాడు. "నీ తాన సన్నాయి రికార్డు ఉన్నదని ఊళ్లె సన్నాయాయనను వద్దన్న. జీలకర్ర బెల్లం పెట్టేటప్పుడు మోగాలె, సూస్కో." నేను లేదంటే ఆ పిల్ల లగ్గం మూగగా జరిగిపోతుంది. ఆ తర్వాత చుట్టుపక్కల ఏ ఊళ్లోనూ నన్ను గడప తొక్కనివ్వరు.

కొత్త కార్ట్రిడ్జ్ కోసం బస్సులో నిలబడి నిజామాబాద్ పోయాను. మొదటి రేడియో దుకాణంలో మనిషి తల కూడా ఎత్తకుండా లేదన్నాడు. రెండో దుకాణంలో, "మాల్ ఖతమైంది భాయ్, హైదరాబాద్ పోయి తెచ్చుకో" అన్నాడు, హైదరాబాద్ పక్క సందులో ఉన్నట్టు. మూడో ఆయన డ్రాయర్ అంతా గెలికి ఒకటి తీశాడు. "గిది అన్నిటికీ పడ్తది, తీస్కపో."

అన్నిటికీ పడేది దేనికీ సరిగ్గా పడదని ఇంటికొచ్చాక తెలిసింది. దాని మర ఒకచోట, నా ప్లేయర్ రంధ్రం ఇంకొకచోట. అగ్గిపుల్ల ముక్క దోపి, దారంతో బిగించి కట్టాను. రెండు నిమిషాలు పాడింది. నా ప్రాణం కుదుటపడేలోగా ముల్లు జర్రున జారి రికార్డు ఈ అంచు నుంచి మధ్య దాకా గీరేసింది. నా దగ్గరున్న సన్నాయి రికార్డు అదొక్కటే. దుకాణాల వాళ్లను, దారాన్ని, దసరాను కలిపి తిట్టాను. అవ్వ మెల్లగా వచ్చి, "నిమ్మకాయ తిప్పి చూడాల్నా?" అంది. ఏడవాలో నవ్వాలో తెలియలేదు.

తెల్లవారి సెట్టు తీసుకుని ఎడపల్లి చేరాను. హారన్లు కట్టి, వేరే దారి లేక నేరుగా ఆ సన్నాయాయన ఇంటికే పోయాను. పెద్దమనిషి, అరుగు మీద కూర్చుని ఉన్నాడు.

"అన్నా, నా మిషన్ ఖరాబైంది. నువ్వే రావాలె."

"నీ మిషన్ వచ్చినకాంచి నన్ను పిలిచేటోడు లేడు. గిప్పుడు గది ఖరాబైతె నేను యాదికొచ్చిన్నా?"

నేను తల దించుకున్నాను. ఆయన లోపలికి పోయి గుడ్డసంచిలోంచి సన్నాయి తీసుకొచ్చాడు. "పిల్ల లగ్గం. నడువు" అన్నాడు విసుగ్గా.

మైకు తీగ పొట్టిది. పందిరి దాకా అందదు. అందుకని ఆయనను పందిరి పక్కన అడ్డంగా కట్టిన డేరా గుడ్డ వెనకాల, యాంప్లిఫయర్ పక్కనే కూర్చోబెట్టి ముందు మైకు నిలబెట్టాను. జీలకర్ర బెల్లం పెట్టే వేళకు లగ్గం చేయించే అయ్యగారు సైగ చేశాడు. రెండు హారన్లలోంచీ సన్నాయి ఒక్కసారిగా లేచింది. నా రికార్డు ఏనాడూ అట్లా పాడలేదు.

పాట ఆగగానే గుడ్డ అవతలి నుంచి పిల్ల మేనమామ గట్టిగా కేకేశాడు. "ఓ మైకాయనా! రికార్డు మస్తుగున్నది! గదే మల్లొక్కసారి ఎయ్యి!"

గుడ్డ పక్కకు లాగి ఆయనను అందరికీ చూపించబోయాను. సన్నాయాయన నా చెయ్యి పట్టి ఆపాడు.

"ఉండనియ్యి తమ్మీ. రికార్డు బయటికొచ్చి ముచ్చట్లు పెడ్తదా?"

సన్నాయి పీకను నాలుకతో తడుపుకుని, అదే పాట మొదటి నుంచి అందుకున్నాడు.