భీమయ్య గీసిన సున్నం గీత

మాణికేశ్వర్ నగర్ల భీమయ్య దుకాణం ఏదంటే చిన్న పిల్లగాడు సుత చూపిస్తడు. యూనివర్సిటీ గోడకు ఆనుకొని ఒక రేకుల షెడ్డు, దాని ముందట చక్రాలు ఊడదీసి ఇటుకల మీద కూసోబెట్టిన కార్లు. తార్నాక, హబ్సిగూడ గల్లీలల్ల ముసుగు కప్పుకొని యేండ్లకేండ్లు పడున్న కార్లను కొనుక్కొచ్చి, పానా పట్టి ఇప్పి, పనికొచ్చే పార్టులు అమ్ముతడు. మిగిలింది తుక్కు కింద పోతది. ముప్పై యేండ్ల సంది గిదే బతుకు.

గసుమంటి దుకాణాలు హైదరాబాదుల మస్తున్నయి. మరి టాక్సీ డ్రైవర్లు గీడికే ఎందుకొస్తరు? భీమయ్య సుత్తె కోసం. వాళ్ల నాయిన కాచిగూడ స్టేషన్ల రైలు చక్రాలను సుత్తెతోని కొట్టి, పగులున్నదో లేదో ఇని చెప్పే కొలువు చేసిండు. ఆ చిన్న సుత్తె, ఆ ఇనే ఇద్దె, రెండూ కొడుక్కొచ్చినయి. ఇనుప పార్టును తాడుకు ఏలాడదీసి కొడితే, మంచిదైతే గంట లెక్క చానసేపు మోగుతది. లోపట కంటికి ఆనని పగులుంటే మొద్దుగ పలికి ఆగిపోతది. మంచిదాని మీద సున్నంతోని అడ్డగీత గీస్తడు. ఆ గీత భీమయ్య చెయ్యే గీయాలె, ఇంకెవ్వలు ముట్టొద్దు. గీత లేని పార్టును కాళ్లు మొక్కినా అమ్మడు. "భీమయ్య కొట్టి చూసిండా?" అని ఒక్కటే అడుగుతరు బస్తీ మెకానిక్కులు. చూసిండంటే ఇంక రెండో మాట లేదు.

ఇగ అసలు సంగతి చెప్త. ఆ భీమయ్యకు చెవులు పోయి యేడాదైంది.

పూరాగ పోలేదు. మనిషి మాట్లాడితే ఇనబడతది, లారీ హారన్ ఇనబడతది. పోయింది ఆ సన్న మోతే. ముప్పై యేండ్లు పొద్దుమాపు ఇనుము కొడితే చెవులు ఊకుంటయా? ఒకనాడు డబ్బాల నుంచి తీసిన కొత్త పార్టును కొట్టినా గంట మోగలే. సుత్తె మార్చిండు, తాడు మార్చిండు. ఆఖరికి సమజైనంక షెడ్డెనక కూసోని, తువ్వాల నోట్ల కుక్కుకొని ఏడ్చిండు. బయట మాత్రం ఒక్కనికి చెప్పలే. చెప్తే గీత పోతది. గీత పోతే భీమయ్యను పుచ్చిన పండ్లమ్ముకునేటోని కన్న హీనంగ చూస్తరని ఆయన భయం.

సంగతి పసిగట్టింది బిడ్డ పూర్ణిమ. యూనివర్సిటీలనే ఎమ్మే చదువుతది. పిల్లకు తాత చెవులొచ్చినయి.

"నాయినా, నువ్వు కొట్టు, నేను ఇంట. మోగితే నీ మోచెయ్యి తాకుత. ఎవ్వలకు తెల్వది" అన్నది.

ముందుగాల కస్సుమన్నడు. వారం దినాలకు తనే పిలిచిండు. ఒడిల పుస్తకం పెట్టుకొని నాయిన పక్కన కూసునేది, జనం చదువుకుంటున్నదనుకునేటోళ్లు. "గింత దాచుడు ఎందుకు, నేనే కొట్టి గీత గీస్త, అందరికీ చెప్దాం" అని ఒకసారి అడిగింది గూడ. "నేను సచ్చినంక గీయి" అన్నడు. ఏం పట్టుదలనో ఏమో, నాకైతే ఒళ్లు మండుతది.

ఆ మంగళవారం పూర్ణిమకు పరీక్ష. పోతాపోతా గడపల నిలబడి చెప్పింది. "తార్నాకల సూర్యనారాయణ సారు దగ్గర కొని నిన్న ఇప్పిన కారు పార్టులు నేనొచ్చినంకనే చూద్దాం నాయినా. ఒంటిగంటకల్లా వస్తా. అప్పటిదాక ఏది అమ్మకు." భీమయ్య తలూపిండు.

పదకొండుకు నరేందర్ వచ్చిండు. గదే బస్తీ, టాక్సీ నడుపుతడు. తల్లి కాశమ్మ హాస్టల్ల వంట చేస్తది, ఆమెకు ఒక్కడే కొడుకు. ముందు చక్రాన్ని పట్టుకొని ఉండే ఇనుప ముక్క, నకిల్ అంటరు, ఆయన బండిది గుంతల పడి వంగిపోయింది.

"కాకా, జల్ది చూడు. రెండింటికి ఉప్పల్ల ఒక ఫ్యామిలీని ఎక్కించుకోవాలె."

సారు కారు నకిల్ గాడనే ఉన్నది, సరిగ్గ అదే మోడల్. "ఒంటిగంటకు రా బిడ్డా" అని భీమయ్య నోటిదాక వచ్చింది.

"కొట్టి చూసుడు రెండు నిమిషాల పని గదా కాకా" అన్నడు నరేందర్.

చాయ్ తాగుకుంట కూసున్న మెకానిక్కులు తలలెత్తిండ్రు. అండ్ల పరుశురాం నవ్విండు. "ఏంది భీమన్నా, బిడ్డ పక్కన లేకుంటే సుత్తె లేస్తలేదా?"

పరుశురాంకు ఏమెరుక, ఊకెనే మజాక్ చేసిండు. భీమయ్యకు మాత్రం మొకం మీద చెప్పుతోని కొట్టినట్టయింది. నకిల్ ను తాడుకు ఏలాడదీసి కొట్టిండు. ఎప్పటిలెక్కనే చెవు దగ్గర పెట్టి కండ్లు మూసిండు. ఏం ఇనబడలే. చేతితోని పట్టి చూసిండు, అదురు తెలిసినట్టే ఉన్నది, తెల్వనట్టే ఉన్నది. పైకి నున్నగున్నది. అందరు తననే చూస్తుండ్రు.

"బేఫికర్ గ బిగించుకో" అని సున్నం డబ్బా అందుకున్నడు.

ఒంటిగంటకు పూర్ణిమ హాల్ టికెట్ చేతుల పట్టుకొనే షెడ్డుల అడుగు పెట్టింది. "ఎడమదిక్కు నకిల్ ఏది నాయినా?"

నరేందర్ బిగించుకొని పోయిండని భీమయ్య చెప్పిండు.

"పొద్దుగాల నువ్వు తానం చేస్తుంటే నేను కొట్టి చూసిన. మొద్దుగ పలికింది. గీత లేదు గదా, నువ్వెట్లమ్ముతవనుకున్న. వచ్చినంక చెప్దామనుకున్న" అన్నది.

ఫోన్ చేసిండ్రు. నరేందర్ ఎత్తలే. మల్ల చేసిండ్రు, మల్ల చేసిండ్రు. పరుశురాం బండెనక కూసోని భీమయ్య యూనివర్సిటీ రోడ్డు పట్టి తార్నాకకు పోయిండు. సిగ్నల్ దగ్గర ఆగిన ప్రతి తెల్ల టాక్సీల తొంగి చూసిండు. "దేవుడా, వాని బండి ఖరాబు చెయ్యి, స్టార్టు కాకుండ చెయ్యి" అని మొక్కుకుంట పోయిండు. హబ్సిగూడ దాటంగనే జనం గుమిగూడున్నరు. ముందు చక్రం ఊడి టాక్సీ మెట్రో పిల్లర్ను గుద్దింది. నరేందర్ను అప్పటికే అంబులెన్సుల ఎక్కించిండ్రు గాని, దాంతోని లాభం లేకుండె.

మూడో దినం కాశమ్మ ఇంటి ముందట టెంటు కింద బస్తీ మొత్తం కూసున్నది. పరుశురాం రోడ్డు మీద దొరికిన నకిల్ ముక్కను తెచ్చిచ్చిండు. కాశమ్మ దాన్ని ఒడిల పెట్టుకొని కూసున్నది. భీమయ్యను చూడంగనే లేచి, ముక్కను ఆయన చేతుల పెట్టింది.

"అన్నా, అందరు నా కొడుకుదే తప్పంటున్నరు. జోరుగ నడిపిండంట. భీమయ్య కొట్టి చూసిన ముక్క ఊకె ఇరగదంట. నా కొడుకు నిమ్మలంగ నడుపుతడని నువ్వెరుగవా అన్నా? ఇంకొక్కసారి కొట్టి, నీ నోటితోని చెప్పు. నువ్వు చెప్తే నమ్ముతరు."

ముక్క ఇరిగిన కాడ సగం తెల్లగ మెరుస్తున్నది, సగం చిలుము పట్టి నల్లగున్నది. చిలుము పట్టిందంటే పగులు పాతదని. దానికి చెవులక్కరలేదు, కండ్లు చాలు. అందరు సున్నం గీతనే చూసిండ్రు; ఇరిగిన కాడ తేరిపార చూసినోళ్లు ఇద్దరే, భీమయ్య, ఎనక నిలబడ్డ పూర్ణిమ. "మంచిదే ఉండె" అని ఒక్క మాటంటే అందరు నమ్మెటందుకు తయారుగున్నరు. భీమయ్య జేబుల నుంచి సుత్తె తీసిండు, ఎత్తిండు, కొట్టకుండనే దించిండు.

"నీ కొడుకుది తప్పు లేదు చెల్లె. ఇది ముందుగాలనే పగిలున్నది."

"మరి నువ్వు కొట్టి ఇన్నవు గదన్నా?"

"నాకు ఇనబడది. యేడాది సంది ఇనబడతలేదు."

పరుశురాం తల దించుకున్నడు. కాశమ్మ ఆయన చేతుల సుత్తె దిక్కు చూసింది.

"గదే మాట ఆనాడు చెప్తే ఏమైతుండెనన్నా?" అన్నది. "ఒంటిగంటదాక ఆగుతుండె గదా నా కొడుకు."

భీమయ్య ముక్కను తిరిగిచ్చిండు. కాశమ్మ ముక్కను మల్ల ఒడిలకు తీసుకొని, దాని మీదున్న సున్నం గీతను కొంగుతోని తుడవబట్టింది.