మా అక్క ముక్కుకు అంటని పొగ

మా చిన్నప్పుడు... పొద్దు వాలాక పడవలు ఒడ్డుకొచ్చేవి. అమ్మ ఇసుకలో గోనెపట్టా పరిచి చేపలు ఏరుతుంటే, అక్కా నేనూ చెరో దివిటీ పట్టుకుని అటొకరం ఇటొకరం నిలబడేవాళ్ళం. వెదురు బొంగులో కిరసనాయిలు, మూతికి పాత చీర పేలికతో ఒత్తి... అదే దివిటీ.

ఇంటికెళ్ళగానే అమ్మ కొంగుతో మా ముక్కులు తుడిచి చూసేది. నా ముక్కు తుడిస్తే కొంగంతా మసి. అక్క ముక్కు తుడిస్తే మరకే ఉండదు!

“దాని దివిటీ చూడు, దేవుడి దీపం మాదిరి ఉంటాది. నీదేందే, ఇటుక బట్టీ మాదిరి!” అనేది అమ్మ. చేపలకు పొగ వాసన పడితే కొనేవాళ్ళు ముఖం తిప్పుకుంటారని ఆమె బాధ. ఆ రాత్రి పులుసులో వంజరం నడిముక్క అక్క కంచంలోకి... తోక నా కంచంలోకి.

నాకు చదువు రాదు. నేను చెబుతుంటే మా మనవరాలు రాస్తోంది. మీరే తీర్పు చెప్పండి. సాయంత్రం గాలి సముద్రం మీంచి ఊరి వైపు వీస్తుంది. అక్క రోజూ సముద్రం వైపు నిలబడేది, నేను ఊరి వైపు. అంటే దాని పొగా, నా పొగా... రెండూ నా ముక్కులోకే!

“రేపు నేను ఆ పక్కన నిలబడతానే” అంటే, “పెద్దదాన్ని నేనా నువ్వా? గమ్మునుండు” అనేది.

ఆ కడుపుమంటతోనే పని నేర్చుకున్నాను. ఒత్తి పొడుగైతే మంట ఎగుస్తుంది, పొగా ఎగుస్తుంది. మాడిన కొస కత్తిరించి, గోరంత మాత్రమే పైకి ఉంచాలి. నా దివిటీ పొగ తగ్గింది. అక్కది మాత్రం వస్తూనే ఉంది... నా ముక్కు నల్లగానే ఉంది.

మొన్న కోట అనే ఊళ్ళో ఈ మనవరాలి సీమంతం. దోమలకూ, అందానికీ అని పెరట్లో నూనె దివిటీలు వరసగా పాతారు. వెలిగించారో లేదో, నల్లటి పొగ! కడుపుతో ఉన్న పిల్ల ఒకటే దగ్గు.

“ఏం నూనె పోసినావు అబ్బయా?” అని దాని మొగుణ్ణి అడిగాను.

“చాల్లేదని వడలేసిన నూనె కలిపినా అవ్వా.”

“ఇంకా నయం, సాంబారు పోయలేదు!”

అన్నీ ఆర్పించాను. చల్లారాక ఆ నూనె పారబోయించి, దివిటీల నూనె ఇంకొంచెం తెప్పించి అదొక్కటే పోయించాను. కొత్త ఒత్తులు నేనే గోరంత బయటికుంచి కత్తిరించాను. గాలి ఎటు వీస్తోందో చూసి, పొగ కుర్చీల మీదికి రాకుండా దివిటీలను అవతలి పక్కన పాతించాను. ఈసారి మంటలు చిన్నగా, శుభ్రంగా వెలిగాయి. పిల్ల దగ్గు ఆగింది.

సరిగ్గా అప్పుడే దిగింది మా అక్క, చేతికర్రతో. చుట్టాలు ఏమన్నారో తెలుసా? “పొగే లేదు పిన్నీ! పెద్దమ్మ దగ్గర నేర్చుకొనుంటావు!”

అక్క కాదనలేదు. నవ్వుకుంటూ వెళ్ళి కూర్చుంది... సముద్రం వైపు కుర్చీలో!

అందరూ వెళ్ళాక ఒక టిష్యూ తీసి ముక్కు తుడుచుకున్నాను. మరక లేదు. తెల్లగా ఉంది. చూపిద్దామంటే... అమ్మ లేదు.

ఇప్పుడు మా ఒడ్డున కరెంటు లైట్లు. పొగా లేదు, ముక్కు తుడిచే కొంగూ లేదు... మీ ఇళ్ళలో దివిటీలూ, లాంతర్లూ ఎవరు పట్టుకునేవాళ్ళు? రాయండి, చదివించుకుని వింటాను. మా అక్కను మెచ్చుకుంటూ మాత్రం ఒక్కరూ రాయొద్దు.