నాయినకు వినబడని ఇంజన్

ఇయ్యాల శుక్రవారం, కరెంటుతోని బట్ట నేసే సాంచలు బందు. మా కనేరి గల్లీల గింత నిశ్శబ్దం వారానికి ఒక్కసారే దొరుకుతది. అందుకే నా బొమ్మ రైలు ముందటేసుకొని కూసున్న.

సన్న పట్టాల మీద మాథేరాన్ కొండెక్కే చిన్న రైలు ఉంటది కదా, గసొంటి ఇంజన్ చేస్తున్న. వేరే బొమ్మ ఇంజన్ కింది భాగం, అంటే మోటరూ చక్రాలూ కొని, రెండు దిక్కుల రంపంతోని కోసి, మీద నేను చేసిన డబ్బా కూసోబెట్టిన. చక్రాలు కనబడకుండ డబ్బా కప్పేసింది. బ్యాటరీ వైర్లు తగిలిస్తే సన్నగ జుయ్యిమని తిరిగింది. రెండు నెలల పని!

తిరుగుతుంటెనే నాయిన చేతుల పెట్టి, స్క్రూ కోసం లోపలికి పోయిన. వచ్చేసరికి సాంచల నూనె డబ్బా వంచి అండ్ల పోస్తున్నడు. మోటరు ఆగిపోయింది.

"ఏం జేసినవ్ నాయినా! మంచిగ తిరుగుతుండె కదా!" అని ఒర్లిన.

"చప్పుడు లేకుండె బిడ్డా. ఇరుక్కున్నదనుకున్న," అన్నడు.

ముప్పై ఏండ్లు సాంచల నడుమ నిలవడ్డ మనిషి. చప్పుడు ఆగితే నూనె డబ్బా అందుకునుడు చేతికే అలవాటు. కని చప్పుడు ఆగలే. ఆయనకే వినబడలే.

మోటరు కడిగితే బాగైతదేమో. మా ఇంట్ల అందరం ఒర్లుకుంటనే మాట్లాడుతం, అందుకే నాయిన చెవుల సంగతి ఇన్నేండ్లు తెల్వలే.

ఇందాక ఎనుక నుంచి మెల్లగ "నాయినా" అని పిలిచిన. ఇంజన్ తుడుసుకుంటనే ఉన్నడు.

మీ ఇంట్ల గూడ ఒక్కసారి మెల్లగ పిలిచి చూడున్రి. ఎవరు తిరిగి చూడలేదో చెప్పున్రి.