రెండు బాయిలర్లు, ఒక పొగగొట్టం

మరదలు అతణ్ణి ‘పిరికి బావ’ అనేది. ఉరిమితే ఉలిక్కిపడతాడు, ఓనరు దగ్గితే లేచి నిలబడతాడు, బల్లి కనబడితే భార్యను కేకేస్తాడు. అలాంటి మనిషి పెళ్లికి ముందునుంచీ అద్దకం మిల్లులో బాయిలర్లకు బొగ్గు వేస్తున్నాడు. నిప్పంటే మాత్రం బెదురు లేదు. మంట ఎప్పుడూ లోపలికే లాగేది, పొగ పైకే పోయేది.

అంతలో పొగ మీద పన్ను వచ్చింది. ఉద్దేశం మంచిదే. పొగ వదిలేవాడు డబ్బు కట్టాలి, ఆ బాధ పడలేక మంచి యంత్రాలు తెచ్చుకోవాలి, గాలీ బాగుపడాలి, మిల్లూ నడవాలి. కాగితం మీద వంక పెట్టేందుకు లేదు. కాని పొగను కొలవాలంటే పరికరం కావాలి, గొట్టాలు లెక్కపెట్టడానికి చూపుడువేలు చాలు. అధికారి గేటు బయటే నిలబడి వేలెత్తి, రెండని రాసుకుని, గొట్టానికింతని పన్ను వేసి పోయాడు. వారం తిరక్కుండా ఓనరు ఒక గొట్టాన్ని ఇటుకలతో మూయించి, రెండు బాయిలర్ల పొగనూ రెండోదాంట్లోకి కలిపించాడు. పన్ను సగమైంది. పొగ సగం కాలేదు.

మర్నాడు పొద్దున బాయిలరు తలుపు తెరవగానే మంట అతని ముఖం మీదికి వచ్చింది. మూసినా సందుల్లోంచి పొగ వెనక్కి తంతోంది. సరిగ్గా పైనే మడతల గది. అతని ఇంట్లోనే ఉండే మరదలు, ఇంకొందరు ఆడవాళ్లు అక్కడే బట్టలు మడతపెడతారు.

భోజనాల వేళ ఆమె కిందికి వచ్చింది. “తల పగిలిపోతోంది బావా.”

“ఇవాళ్టికి పైకి పోకే.”

“బల్లికి జడిసేవాడి మాట విని కూలి పోగొట్టుకోనా?” నవ్వుకుంటూ మెట్లెక్కేసింది.

రోజూ చెవులు చిల్లులు పడేలా వినబడే వాళ్ల గోల కాసేపటికి ఆగిపోయింది. అతను బొగ్గు పార పడేశాడు. ఒక్క పరుగున పైకి వెళ్లాడు. అందరూ బట్టల మూటల మీద వాలిపోయి ఉన్నారు. కిటికీలు బార్లా తెరిచి, కేకలు వేసి మనుషుల్ని పిలిచి, మరదల్ని గుమ్మం బయటికి ఈడ్చాడు. ఆమె వాంతి చేసుకుని కళ్లు తెరిచింది.

“గోనెసంచి అనుకున్నావా, అలా ఈడ్చావు?”

అతను భోరుమన్నాడు. మిగతావాళ్లూ ఒక్కొక్కరే తేరుకున్నారు.

“గాలాడక సొమ్మసిల్లారంతే. రేపు మామూలుగా వెలిగించు” అన్నాడు ఓనరు.

“నా వల్ల కాదండి. భయమండి.”

“నువ్వు కాకపోతే ఇంకొకడు.”

ఆ ఇంకొకడు దొరికాడు కూడా. మర్నాడు మంట లేచేసరికి అతను మడతల గది మెట్లకు అడ్డంగా కూర్చున్నాడు. దీన్ని ధైర్యం అనడానికి లేదు. ఓనరంటే ఎంత భయమో, నిన్నటి ఆ నిశ్శబ్దమంటే అంతకు పదింతలు.

“లే బావా, అందరూ చూస్తున్నారు.”

“చూడనీ.”

అటుగా వచ్చిన ఓనరు దగ్గినా అతను లేవకపోవడం మరదలు చూసింది. తనూ కింది మెట్టు మీద కూర్చుంది. వెనకాల వచ్చిన ఆడవాళ్లూ ఆగిపోయారు. ఓనరు అరిచాడు, బెదిరించాడు, చివరికి బతిమాలాడు. మడత పడని బట్ట సాయంత్రానికి గుట్టలా పేరుకుంది. అప్పుడు తాపీమేస్త్రీ వచ్చి మూసిన గొట్టంలోని ఇటుకలు ఊడదీశాడు.

అతణ్ణి మాత్రం మళ్లీ పనిలోకి రానివ్వలేదు. మరదలు వెళ్తూనే ఉంది. మిల్లు వదిలే వేళకు అతను వీధిలోకి వచ్చి నిలబడతాడు. రెండు గొట్టాల నుంచీ పొగ లేస్తోందా లేదా చూస్తాడు. లేస్తున్నా సరే, ఆమె మలుపు తిరిగి కనబడేదాకా ఇంట్లోకి పోడు.