జెండా అక్క గురించి ఒక పేజీ

మా రైలు లైను ఉత్తరపు కొసకి పదకొండేళ్ళ తర్వాత మళ్ళీ పాసింజరు బండి నడపడం ఖాయమైంది. ఆ వారమే మా వీధి చివరి మందుల షాపాయన వచ్చి మా ఇంట్లో కూర్చున్నాడు. బండి సాధన కమిటీకి ఆయనే కార్యదర్శి. ప్రారంభం రోజున పంచడానికి చిన్న పుస్తకం వేస్తున్నారట, అందులో జెండా అక్క గురించి ఒక పేజీ నేను రాయాలట.

"మీరు కాక ఇంకెవరు రాస్తారండీ? అసలా కథ పుట్టిందే మీ నోట్లోంచి. చదివినవాళ్ళు కళ్ళు తుడుచుకోవాలి," అన్నాడు.

"దానికేం భాగ్యం," అని మా ఆవిడ లోపలినుంచే ఒప్పేసుకుంది. "నిద్రలో లేపి అడిగినా అప్పజెప్తారు."

నిజమే, అప్పజెప్తాను. ఇరవై తొమ్మిదేళ్ళు ఆ లైను మీద రెండు పెట్టెల డీజిలు బండి నడిపినవాణ్ణి. జనం ఎక్కడం లేదని పైవాళ్ళు బండి తీసేసినప్పుడు, ఆఖరి బండిని కొస నుంచి ఈ ఊరికి తెచ్చింది నేనే. దారి పొడుగునా జనం పట్టాల పక్కన నిలబడి రుమాళ్ళూ తువ్వాళ్ళూ ఊపారు. సగం దారిలో ఒక హాల్టు దగ్గర మాత్రం ఒకే ఒక్క అమ్మాయి నిలబడి, కన్నీళ్ళతో జెండా ఊపి బండికి వీడ్కోలు చెప్పింది. నేను పొడుగ్గా కూత వేసి వచ్చేశాను. ఇదీ కథ. పేపర్లో వచ్చింది, పోస్టరయింది. ఆ అమ్మాయి తర్వాత ఊరూరా తిరిగి సంతకాలు పోగేసింది. పోస్టరు చూసి అందరూ జెండా అక్క అనడం మొదలుపెట్టారు, ఆమెకంటే పెద్దవాళ్ళు కూడా.

ఆ కథ అబద్ధం. ఈ ముక్క రాయడానికి నాకు పదకొండేళ్ళు పట్టింది.

ఆ హాల్టులో స్టేషను మాస్టరు ఉండడు. రేకుల షెడ్డు, దాని గోడకి ఒక ఇనప డబ్బా, డబ్బాలో ఒక జెండా ఉంటాయి, అంతే. బండి ఎక్కాల్సినవాళ్ళు ఆ జెండా తీసి ఊపాలి, ఊపితే డ్రైవరు ఆపాలి. ఎవరూ ఊపకపోతే ఆపకుండా వెళ్ళిపోవచ్చు. ఆ లైను మీద ఒకటో తరగతి పిల్లని అడిగినా ఈ సంగతి చెబుతుంది. తువ్వాలు ఊపితే వీడ్కోలు. జెండా ఊపితే ఆపమని. పైగా ఆమె కాళ్ళ దగ్గర నీలం రంగు ట్రంకు పెట్టె ఉంది, పిడి ఊడితే తాడు కట్టుకున్నారు. తాడు సంగతి కూడా చెబుతున్నానంటే ఎంత బాగా చూశానో మీరే అర్థం చేసుకోండి.

ఎందుకు ఆపలేదంటే, చెప్పుకోడానికి కూడా సిగ్గేసే కారణం. వెనకటి స్టేషన్లలో వీడ్కోలు సభలతో ఇరవై అయిదు నిమిషాలు ఆలస్యమయ్యాను. ఇక్కడ ప్లాట్‌ఫారం మీద పెద్దాఫీసరు నాకు పూలగుత్తి ఇస్తాడు, ఫోటో తీస్తారు. మా ఆవిడ తన అన్నదమ్ముల్నందరినీ వెంటేసుకొచ్చి నిలబడి ఉంది. నా నెత్తిమీద కొత్త టోపీ. ఒక్కర్తేగా అనుకున్నాను. బ్రేకు మీద ఉన్న చెయ్యి తీసి కూత మీద వేశాను. కళ్ళు నెత్తికెక్కడమంటే అదే.

వెనక పెట్టెలోంచి గార్డు ఫోన్లో అడిగాడు, "ఎవరో జెండా ఊపినట్టుందేం?"

"వీడ్కోలు చెప్తోందిలేవోయ్," అన్నాను.

పాపం, నమ్మాడు. నేను బండి దిగేలోపే పేపరు వాళ్ళకి ఆ మాట చెప్పేశాడు. మర్నాడు అచ్చులో చూసుకున్నాను. చదువుతుంటే బాగుంది. నాలుగుసార్లు చెప్పాక నాకే నిజమనిపించింది. అయిదోసారి కన్నీళ్ళు కూడా కలిపాను. ఆ వేగంలో కన్నీళ్ళు కనపడతాయా అని ఒక్కడూ అడగలేదు.

అప్పటినుంచి ఆమెకి ఎదురుపడకుండా తప్పించుకు తిరిగాను. కమిటీ మీటింగుకి ఆమె వస్తోందంటే నాకు మోకాలు నొప్పి, లేదంటే పడిశం. ఇప్పుడూ అలాగే నీళ్ళు నములుతుంటే మందుల షాపాయన లేవబోతూ ఒక మాటన్నాడు.

"చేసిన మేలు చేసింది గానీ, మొండి మనిషండీ బాబూ. పైవాళ్ళు అన్నింటికీ ఒప్పుకున్నాక నాలుగు నెలలు పని ఆపింది. తమ హాల్టులో బండి జెండాతో పని లేకుండా ఆగాలట, టైం పట్టికలో రాయాలట. జెండా అక్కకి జెండా వద్దట. మాకెవరికీ బోధపడలేదు."

నాకు బోధపడింది. మంచినీళ్ళు తాగే వంకతో వంటింట్లోకి వెళ్ళిపోయాను.

అయినా ఆమె దగ్గరికి వెళ్ళాను. పేజీ రాయాలంటే నాలుగు వివరాలు కావాలని మా ఆవిడ తరిమింది. వ్యానులో ఆరు గంటలు. హాల్టు వెనక వీధిలో ఒక చిన్న ముందుగదిలో కుట్టుపని చేస్తుందామె. కిటికీ కింద మిషను, మెళ్ళో టేపు, గోడ మేకులకి సగం కుట్టిన కోట్లు. రెండు బీరువాల నిండా సంతకాల కట్టలు. వాళ్ళమ్మ ఒక మూల కూర్చుని పాత చొక్కాల బొత్తాలు ఊడదీస్తోంది. మిషను కింద నీలం ట్రంకు పెట్టె, దాని నిండా గుడ్డపేలికలు. పిడికి అదే తాడు. కూర్చోమన్నా ఎక్కడ కూర్చోవాలో తెలియలేదు.

"బాబాయి గారూ, ఇన్నాళ్ళకి వచ్చారు," అని ఆమె టీ పెట్టింది. బాబాయి అన్న మాట సూటిగా వచ్చి తగిలింది. ముప్ఫై ఏళ్ళుంటాయి. మాట తక్కువ, చెయ్యి ఆగదు.

"ఆ పెట్టెతోనే ఆ రోజు బండెక్కాల్సిందన్నయ్యా ఇది," అంది వాళ్ళమ్మ. "నర్సు ట్రైనింగులో సీటొచ్చింది. మర్నాడు పదింటికల్లా చేరకపోతే సీటు పోతుందన్నారు. అప్పుడు మంచు కరిగి రోడ్డు తెగిపోయి ఉంది, వేరే దారి లేదు. మరుసటేడాది మళ్ళీ పరీక్ష రాద్దామంటే మా ఆయన మంచాన పడ్డారు."

"అమ్మా, ఇప్పుడవన్నీ ఎందుకు?" అంది ఆమె. తర్వాత నా వైపు తిరిగి, "మీ కథ పేపర్లో వచ్చిన రోజు నాకు ఒళ్ళు మండిపోయింది, దాచడమెందుకు. వీడ్కోలేమిటి, నేను ఆపమని కదా ఊపాను. స్టేషనుకి ఉత్తరం రాద్దామనుకున్నా. కానీ ఆ బొమ్మ చూసి జనం సంతకాలు పెట్టడం మొదలెట్టారు. అసలు సంగతి చెబితే మీ మీద ఫిర్యాదవుతుంది. మీ ఉద్యోగం పోతుంది, మాకు బండి రాదు. మాకు కావలసింది బండి. అందుకని ఊరుకున్నా," అంది.

నేను టీ గ్లాసు అందుకుని, తాగకుండా పట్టుకున్నాను.

"అయినా మీరు చూసి ఉండరులెండి. సాయంత్రం ఎండ సరిగ్గా అటునుంచే పడుతుంది. చూసుంటే ఆపకుండా ఎలా వెళ్తారు? మీరు చూడలేదనే అనుకుంటూ వచ్చా ఇన్నేళ్ళూ. అలా అనుకోబట్టే పని చేసుకోగలిగా."

ఆమె అడగలేదు. కానీ దారం తెంపడం ఆపి చూస్తోంది. అప్పుడైనా చెప్పాలా వద్దా? చెప్పాలి. నేనేమన్నానో వినండి.

"అవునమ్మా. ఎండ."

తలూపి మళ్ళీ దారం అందుకుంది. పేజీకి కావలసిన వివరాలన్నీ ఓపిగ్గా చెప్పింది. నేను రాసుకున్నాను. టీ కూడా తాగాను. మొదటి అబద్ధానికి తొందరపాటు అని పేరు పెట్టుకోవచ్చు. రెండోది మాత్రం ఆమె ఇంట్లో కూర్చుని, ఆమె చేతి టీ తాగుతూ ఆడాను. దానికి పెట్టడానికి నా దగ్గర పేరు లేదు.

ఇంటికొచ్చి మూడు రోజులు కాగితం ముందు కూర్చున్నాను. హాల్లో గోడ మీద పూలగుత్తితో నా ఫోటో, కింద నేను. నాలుగో రోజు మధ్యాహ్నం మా ఆవిడకి అంతా చెప్పేశాను. తిడుతుందనుకున్నాను, తిట్టినా బాగుండేది. తింటున్న కంచం పక్కకి జరిపింది.

"మా వాళ్ళందర్నీ తీసుకొచ్చి నిలబెట్టింది నేనే కదూ," అంది చివరికి. తర్వాత, "మళ్ళీ వెళ్ళండి. ఇది ఫోన్లో చెప్పే మాట కాదు. పేజీ రాసుకుని మరీ వెళ్ళండి, అక్కడికెళ్ళాక మీ నోటిని నమ్మలేం," అంది.

ఆ పేజీ తీసుకుని వెళ్ళాను. ఇప్పుడు మీరు చదివిన దానిలో సగం అదే. ఆమె మిషను దగ్గర నిలబడే చదివింది. వాళ్ళమ్మ ఇంట్లో లేదు, పక్కింటికి వెళ్ళినట్టుంది. తాడు సంగతి రాసిన చోట ఆమె కళ్ళు ఆగిపోయాయి. ఒకసారి మిషను కిందికి చూసి, మళ్ళీ కాగితంలోకి చూసింది.

"అయితే చూశారు," అంది.

"చూశానమ్మా."

"ఆపితే ఎంతసేపు పట్టేది?"

ఇరవై తొమ్మిదేళ్ళు ఆ బండి నడిపినవాణ్ణి, తెలియదంటే నమ్మదు. "ఆపి, నిన్నెక్కించుకుని, మళ్ళీ వేగం అందుకోడానికి మూడు నిమిషాలు."

"మూడు నిమిషాలు," అంది. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టింది. "పోనీ, ఆఫీసరు చేతి పూలగుత్తి అన్నా అందిందా?"

అందిందని చెప్పి ఊరుకుంటే సరిపోయేది. కానీ ఆ ఇంట్లో ఇంకో అబద్ధం ఆడే ముఖం నాకు లేదు.

"అందింది. ఆఫీసరే నలభై నిమిషాలు ఆలస్యంగా వచ్చాడమ్మా. ఊరికే నిలబడ్డాం అందరం."

ఆమె కుర్చీలో కూర్చుంది. నేను క్షమాపణ చెప్పాను. చెప్పిన మాటలు ఇక్కడ రాయను, అవి ఎందుకూ కొరగావు. ఆమె విన్నదో లేదో కూడా తెలియదు. కాసేపటికి సగం కుట్టిన కోటు చెయ్యి ఒళ్ళోకి తీసుకుని, అంచు సరిచేస్తూ కూర్చుంది. ఆ కోటు వీధి అవతలి ఆస్పత్రి నర్సులదని అప్పుడు గమనించాను.

"ఈ పేజీ ఇప్పుడు వేయించకండి," అంది తల ఎత్తకుండా. "ఆదివారం బండి రానివ్వండి. జనం సంతోషంగా ఉన్నారు. వచ్చాక వేయించుకోండి, మీ ఇష్టం."

"అలాగేనమ్మా."

"పట్టిక అచ్చయిందా?"

"అయింది. నేను చూశాను."

"మా హాల్టు ఉందా?"

"ఉంది. సాయంత్రం నాలుగూ పదికి. రెండు నిమిషాలు ఆగుతుంది."

"జెండా ఊపకపోయినా?"

"ఎవరూ ఊపక్కర్లేదు. ప్లాట్‌ఫారం మీద ఎవరూ లేకపోయినా ఆగాల్సిందే."

సరేనన్నట్టు తలూపి ఆమె మిషను తొక్కడం మొదలుపెట్టింది. నేను చెప్పులు వేసుకుని బయటికొచ్చాను.