గోడతో బేరం

సూరత్‌లో నా అంత గొప్పగా బేరమాడినవాళ్లు లేరు. గోడ ఆరాల్సిన నెల రోజుల్ని పన్నెండుకు దించాను. పెరిగింది బట్టల దుకాణంలో కాబట్టి ఎవరు ఏ అంకె చెప్పినా మూడో వంతుకు అడగడం నాకు అలవాటు. ఆల్థాన్‌లో కొన్న పాత ఇంట్లో పడకగదికి కొత్తగా ప్లాస్టరింగ్ చేయించాం. అప్పటిదాకా ఉంటున్న పాండేసర అద్దింటికి ఇంకో నెల అద్దె కట్టడం నాకిష్టం లేదు.

"నెల దినాలు ఆరనియ్యాలె అక్కా," అన్నాడు మేస్త్రీ.

"పది."

"ఇది చీర ధర గాదక్కా!"

"సరే, నీ మాట వద్దు, నా మాట వద్దు. పన్నెండు."

అతను నవ్వి, తాపీ సంచిలో వేసుకుని వెళ్లాడు. గెలిచాననుకున్నాను.

పదమూడో రోజు రంగు వేయించి ఇంట్లో దిగాం. వారం తిరక్కముందే మంచం తలవైపు తడి మచ్చలు తేలి, రంగు పొక్కులు లేచింది. రంగుల దుకాణాయన, మనవైపువాడే, వచ్చి చూసి పెదవి విరిచాడు.

"లీకేజీ ఉన్నదక్కా. పద్దెనిమిది వేల కెమికల్ కొట్టాలె."

"ఆ గోడల పైపే లేదు. లీకేజీ నీ దుకాణంల కెల్లి తెచ్చినవా ఏంది?"

"జర ఆయన మాట ఇనరాదే," అన్నాడు మా ఆయన. వినలేదు. రంగంతా గీకించి, కిటికీలు బార్లా తెరిచి, నెల రోజులు హాల్లో పడుకున్నాం. గోడ ఒక్క రోజు కూడా తగ్గించలేదు. ఆరాక మాత్రం ఒక్క మచ్చ లేదు.

నేను మిగుల్చుకున్న అద్దె ఆరు వేలు. గీకుడుకు, రెండోసారి రంగుకు అయింది తొమ్మిదిన్నర వేలు. నా బేరానికి నష్టం మూడున్నర వేలు.